ట్రక్కు ఎందుకు అమ్ముతున్నానంటే

సెప్టెంబర్ 3, మంగళవారం

మా ఆయన ఎలిస్ ప్రకటనలో "ప్రేమగా చూసుకున్న బండి" అని రాశాడు. కొట్టేయించాను. బండిని ఎవరూ ప్రేమగా చూసుకోరు. ఆయిలు మారుస్తారు, గ్రీజు పెడతారు, తడిసిన కాన్వాసు మడతపెట్టే ముందు ఎండబెడతారు. ఇరవై ఒక్క ఏళ్లు నేను చేసింది అదే. కావాలంటే అది రాయమన్నాను. మరీ పొడుగైపోతుందన్నాడు.

చివరికి ఇంటర్నెట్‌లో పెట్టింది ఇది: తొంభై ఆరు మోడల్ ట్రక్కు. ఫోర్ వీల్ డ్రైవ్. ఐదు గేర్లు. వెనక పైకప్పు లేచే క్యాంపర్, గ్యాసు పొయ్యి, ఐసు పెట్టె, ఇద్దరు పడుకోవచ్చు.

"ఇద్దరు పడుకోవచ్చు" అన్నది మా ఆయన చేర్చాడు. అందులో రెండో మనిషి ఎన్నడూ పడుకోలేదు. ఎలిస్‌కు బయట పడుకోవడం గిట్టదు. ముప్ఫై నాలుగేళ్లు బడిలో పిల్లలకు బాకాలూ డ్రమ్ములూ నేర్పిన మనిషి, ఎడారిలో ఆ నిశ్శబ్దానికి చెవులు గుయ్యిమంటాయంటాడు. స్టీన్స్ కొండ మీదికైనా, అల్వోర్డ్ ఎండు మైదానానికైనా నేనొక్కదాన్నే వెళ్లాను. నేను కౌంటీ రోడ్లు చదును చేసే గ్రేడర్ బండి నడిపాను, ముప్ఫై ఒక్క ఏళ్లు. ఈ చుట్టుపక్కల మట్టి రోడ్డు ఏదీ నాకు తెలియకుండా లేదు.

ఫోటోలు తీస్తుంటే ముందు భాగం వద్దన్నాను. వెలుతురు సరిగా లేదన్నాను. వెలుతురు బాగానే ఉంది.

సెప్టెంబర్ 4

పొద్దుటి నుంచి పదకొండు మంది. అందరిదీ ఒకటే మాట, ఉందా అని. ఉంది అని రాస్తే మళ్లీ జవాబుండదు. లేకపోతే ప్రకటన ఎందుకు పెడతాను?

ఒకడు ట్రక్కుకు బదులు మోటారు బోటు ఇస్తానన్నాడు. పైన రెండు మేకలు కూడా వేస్తాడట. ఇంకొకడు ఆఖరి మాట ఎంతో చెప్పమన్నాడు, ఇంతవరకు మొదటి మాటే మాట్లాడకుండా. ఒకామె ఎందుకు అమ్ముతున్నారని అడిగింది. మోకాలి నొప్పి, క్లచ్ తొక్కలేకపోతున్నాను అని రాశాను.

ఎలిస్ నా భుజం మీదుగా చదివాడు. నా మోకాళ్లకు ఏ జబ్బూ లేదని అతనికి తెలుసు.

సెప్టెంబర్ 7, శనివారం

బోయిసీ నుంచి మొగుడూ పెళ్లాం వచ్చారు. ఆయన దిగుతూనే ఎలిస్‌కు చెయ్యి కలిపి, "సార్, క్లచ్ ప్లేటు ఎప్పుడు మార్చారు?" అన్నాడు. బండి నాదని ఎలిస్ చెప్పాడు. ఆయన నాకేసి తల ఊపి, మళ్లీ ఎలిస్‌నే అడిగాడు, "గేర్ బాక్సులో చప్పుడేమైనా వస్తుందా సార్?"

ఎలిస్‌కు ఆయిలు కొలిచే పుల్ల ఎక్కడుంటుందో తెలియదు. నలభై ఏళ్ల కాపురంలో ఒక్కసారి కూడా బానెట్ ఎత్తలేదు. పాపం మా ఆయన మెడ ఎర్రబడిపోయింది. మూడో ప్రశ్న కూడా ఎలిస్‌కే వెళ్లాక, క్లచ్ ప్లేటు రెండు వేల పదిహేనులో నా చేత్తో నేనే మార్చాను, కావాలంటే పాతది షెడ్డులో ఉంది, టోపీలా తలకు పెట్టుకు పోవచ్చు అన్నాను. ఆయన భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు. వెళ్తూ వెళ్తూ టైరును కాలితో తన్నాడు. టైరును తంతే ఏం తెలుస్తుందో నాకు ఈ వయసు దాకా అర్థం కాలేదు.

ఎందుకు అమ్ముతున్నారని ఆయన కూడా ఎలిస్‌నే అడిగాడు. నేను అందుకుని, ఇంకా పెద్దది కొంటున్నాం అన్నాను.

సెప్టెంబర్ 8

నాలుగు రోజుల్లో రెండు కారణాలు. మూడోది ఆలోచించి పెట్టుకోవాలి.

సెప్టెంబర్ 11, బుధవారం

పక్కింటి మైతే వచ్చింది. పక్కిల్లంటే అర మైలు. మైతే ఉర్కియాగా, డెబ్భై రెండేళ్లు. వాళ్ల తాత బాస్కు దేశం నుంచి గొర్రెలు కాయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మొగుడు పోయాక గొర్రెలు అమ్మేసింది, కుక్కనొక్కదాన్ని ఉంచుకుంది. పేరు బెల్ట్స్, నల్లది, ముసలిది, చెవుడు.

ఆ బెల్ట్స్ ఆగస్టు పద్నాలుగున మా కంకర రోడ్డు మీద చచ్చిపోయింది. ఏదో బండి గుద్దింది.

మైతే ఒక డబ్బా నిండా కాల్చిన మిరపకాయలు తెచ్చింది. కాఫీ తాగుతూ మళ్లీ అదే చెప్పింది. గుద్దింది రూడీ పెల్ అట. రూడీ గడ్డి మోపులు తోలే లారీవాడు, రోజూ పొద్దున ఈ దారినే వెళ్తాడు, దుమ్ము లేపుకుంటూ. దాణా కొట్లో, చర్చిలో, పోస్టాఫీసులో అందరికీ చెప్పిందట. కుక్కను గుద్ది ఆగకుండా పోయినవాడితో ఎవరు బేరం చేస్తారో చూస్తానంది.

రూడీ మరీ స్పీడుగా నడుపుతాడు అన్నాను. అది నిజమే. ఎన్నోసార్లు చెప్పాను వాడికి, కంకర మీద బ్రేకు పట్టదని.

మైతే నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నువ్వు చూసి వచ్చి చెప్పావు కాబట్టి సరిపోయింది, లేకపోతే గద్దలు పీక్కుతినేవి అంది.

ఆమె వెళ్లాక మిరపకాయల డబ్బా ఫ్రిజ్‌లో వెనక్కి, కనపడకుండా తోసేశాను.

సెప్టెంబర్ 14, శనివారం

పోర్ట్‌లాండ్ జంట. ముప్ఫై ఏళ్లుండవు. ఆ అమ్మాయి బూట్లతోనే క్యాంపర్‌లో పరుపు మీద పడుకుంది. అబ్బాయి తలుపు దగ్గర నిలబడి పది ఫోటోలు తీశాడు. పొయ్యి పీకేస్తారట. ఐసు పెట్టె పీకేస్తారట. కాన్వాసు మీద రంగులు వేస్తారట. ఎక్కడికి వెళ్దామనుకుంటున్నారని అడిగితే ముందు బండి రెడీ కావాలి కదా అన్నారు. డబ్బు అడిగినంతా ఇస్తామన్నారు, బేరం కూడా చెయ్యలేదు.

అమ్మను అన్నాను.

వాళ్లు నాలుగున్నర గంటలు ప్రయాణం చేసి వచ్చారు. అబ్బాయి ముఖం ఎలా మారిందో నాకు తెలియదు. నాకు కనిపించలేదు. అమ్మాయి మాత్రం, మీరు చాలా అన్యాయంగా మాట్లాడుతున్నారు అంది. అవును అన్నాను.

వాళ్ల కారు గేటు దాటగానే ఎలిస్ మొదలుపెట్టాడు. గొంతు పెంచడు మా ఆయన, అదే నాకు ఒళ్లు మండిస్తుంది. "అసలు నీకు అమ్మే ఉద్దేశం ఉందా, గ్లెన్నా? లేకపోతే చెప్పు, ప్రకటన తీసేస్తా. కానీ తాళం చెవులు నాకిచ్చెయ్." ఒక్కసారి కూడా క్లచ్ తొక్కని మనిషి నా తాళం చెవులు అడుగుతున్నాడు. తలుపు ధడేల్న వేసి షెడ్డులోకి పోయాను. చేసే పనేం లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ వెయ్యడానికి తిప్పే ముందు చక్రాల హబ్బులు రెండూ లాక్ చేసి, మళ్లీ తిప్పి విప్పాను. చేతులకు అది చూపు లేకుండానే వచ్చు.

సెప్టెంబర్ 20

కోపం ఎవరి మీదో ఈ రోజు సరిగా రాస్తాను.

బెండ్ ఊళ్లో కంటి డాక్టరు. నా పాత బూట్ల వయసు కూడా ఉండదు ఆయనకు. జూలై ఇరవై రెండున గళ్ల కాగితం ముందు పెట్టి, మధ్యలో ఉన్న చుక్క చూడమన్నాడు. చుక్క ఎక్కడుందన్నాను. అక్కడితో పరీక్ష అయిపోయింది.

చూపు అంచుల్లో ఉంది. మధ్యలో లేదు. మనిషి ముఖంలోకి సూటిగా చూస్తే చెవులుంటాయి, జుట్టుంటుంది, ముఖం ఉండదు. రోడ్డుకు రెండు పక్కలా సేజ్ పొదలు ఒక్కొక్కటీ కనబడతాయి, ఎదురుగా ఉన్న రోడ్డే ఉండదు. ఇంజెక్షన్లతో ఉన్నది ఆపగలం, పోయింది రాదు అన్నాడు. బండి నడపడం ఇవాళ్టి నుంచే మానెయ్యాలన్నాడు. ఇవాళ్టి నుంచే. ఒక కాగితం ఇచ్చాడు. ఇంటికొచ్చి పొయ్యిలో వేశాను.

ఎలిస్ తిరుగు ప్రయాణమంతా ఏడ్చాడు. నేను ఏడవలేదు. అతని ఆటోమేటిక్ కారు, అతను నడిపే తీరు, ముందు లారీ ఉంటే నలభై మైళ్లు దాని వెనకే పోవడం, ఇక బతికినన్నాళ్లూ నేను ఆ పక్క సీట్లో కూర్చోవాలి కదా అని అదొక్కటే ఆలోచించాను.

ఈ రాతలు లావు మార్కరుతో రాస్తున్నాను. పేజీకి పది లైన్లు. ఖర్మ.

సెప్టెంబర్ 27

భోజనం దగ్గర ఎలిస్ చెప్పాడు. దాణా కొట్టువాళ్లు రూడీకి లోడు ఇవ్వడం మానేశారట. రెండు పశువుల ఫారాలవాళ్లు వేరే లారీ మాట్లాడుకున్నారట. రూడీ కెఫేలోకి వస్తే ఎవరూ పలకరించడం లేదట.

మంచి పని అయింది అన్నాను.

ఎలిస్ ఫోర్కు కింద పెట్టాడు. చాలాసేపు నన్నే చూశాడనుకుంటాను. నాకు అతని చెవులే కనిపించాయి.

సెప్టెంబర్ 28

కొనడానికి ఎవరూ రాలేదు. వస్తామన్నవాళ్లు ఇద్దరు. గడ్డాలు రాని కుర్రాళ్లు మాట తప్పితే సరే, యాభై ఏళ్ల మగాళ్లకు కూడా ఫోను చేసి రాలేమని చెప్పడానికి నోరు రాదు.

అక్టోబర్ 5, శనివారం

ఈ రోజు వచ్చిన అమ్మాయి పేరు కార్లిస్ యాండెల్. లేక్‌వ్యూ నుంచి. ముప్ఫై రెండేళ్లు. గద్దల గూళ్లు ఎక్కడెక్కడున్నాయో వెతికి రాసుకునే ఉద్యోగం. ఏడాదిలో ఆరు నెలలు రోడ్డు లేని చోట్ల పడుకుంటుంది. ఇప్పటిదాకా గుడారంలో. పోయిన నెల తన గుడారం గాలికి లేచిపోయి మూడు మైళ్ల అవతల తేలిందట.

దిగి నాతో చెయ్యి కలిపింది. ఎలిస్‌కు నమస్కారం చెప్పి, "ఏమీ అనుకోకండి, ముందు బండి చూస్తాను, తర్వాత కాఫీ" అంది. పట్టా తెచ్చుకుంది. నేల మీద పరుచుకుని బండి కిందికి దూరింది, తలకు లైటు కట్టుకుని. అక్కడి నుంచే ప్రశ్నలు. హబ్బుల్లో గ్రీజు ఎప్పుడు పెట్టారు. లో రేంజ్ ఎన్నిసార్లు వాడారు. వెనక స్ప్రింగులు మార్చారా. అన్నీ నన్నే అడిగింది. అన్నిటికీ చెప్పాను. అరవై ఏడేళ్లలో నన్ను ఎవరూ ఇంత మంచి ప్రశ్నలు అడగలేదు.

క్యాంపర్ పైకప్పు లాచ్‌లు విప్పి, వీపు ఆనించి ఒక్క ఊపులో లేపింది, నేను లేపినట్టే. కాన్వాసు మీద నేను వేసిన అతుకు తడిమింది. ఎలుక కొరికిందా అంది. అవును, నిద్రపోతుంటే నా తల పక్కనే కొరికింది అన్నాను. ఇద్దరం నవ్వాం. ఈ అమ్మాయికి ఇచ్చేస్తాను అనుకున్నాను.

అప్పుడు ముందు వైపు వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుంది. బంపరు కింద రేకు సొట్టపోయి ఉంది, ఏమిటని అడిగింది.

జింక అన్నాను.

సొట్టను జానతో కొలిచింది. తర్వాత మెల్లగా చెప్పింది. "జింకైతే లైటు పగులుతుంది, బానెట్ లేస్తుంది గ్లెన్నా గారూ. ఇది చాలా కింద ఉంది. ఏదో చిన్నది తగిలింది." తప్పు పట్టినట్టు కాదు. ఉద్యోగం అలాంటిది కదా, చూసింది చూసినట్టు చెప్పింది. అది అయ్యాక, ఇంత బాగా చూసుకున్న బండి ఎందుకు అమ్ముతున్నారని అడిగింది.

నీకు అమ్మడం లేదు, వెళ్లు అన్నాను. కాఫీ కప్పులతో ఎలిస్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ అమ్మాయి పట్టా మడిచింది, నాలుగు మడతలు, అంచులు కలిపి. థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

అక్టోబర్ 6, ఆదివారం, పొద్దున 7

ఎలిస్ చర్చికి తయారవుతున్నాడు. త్వరగా రాస్తాను.

బెల్ట్స్‌ను గుద్దింది నేను.

డాక్టరు వద్దన్నాక కూడా మూడు వారాలు నడిపాను. నడకకు వెళ్లి వస్తానని ఎలిస్‌తో చెప్పి, షెడ్డులోంచి బండి తీసి, కంకర రోడ్డు మీద పాత గొర్రెల దొడ్డి దాకా వెళ్లి వచ్చేదాన్ని. నా రోడ్డు. నేను చదును చేసిన రోడ్డు. కళ్లు మూసుకుని నడపగలను అనుకున్నాను. దాదాపు అలాగే నడిపాను.

ఆగస్టు పద్నాలుగు, పొద్దున తొమ్మిదిన్నర. దడ్ మంది. రాయి అనుకున్నాను. దిగి చూస్తే బెల్ట్స్. అప్పటికే చచ్చిపోయింది. పక్కకు లాగాను. బండి తెచ్చి షెడ్డులో పెట్టాను. నడిచి మైతే ఇంటికి వెళ్లి, రోడ్డు పక్కన పడి ఉంది, చూశాను అన్నాను. చూశాను అన్నాను. ఆ మాటే వాడాను.

రూడీ పేరు నేను చెప్పలేదు. మైతే తానే అనుకుంది. కాదని నేను అనలేదు.

నాకు ఆ కుక్క మీద కోపంగా ఉంది. చెవిటి కుక్కను రోడ్డు మీద వదిలిన మైతే మీద కోపంగా ఉంది. స్పీడుగా నడిపి ఆ అనుమానానికి తగినట్టు బతికిన రూడీ మీద కోపంగా ఉంది. నిన్న ఆ పిల్ల మీద. ఇంత రాశాక చూసుకుంటే ఇందులో నా పేరు లేదు.

అక్టోబర్ 8

ఎలిస్‌కు చెప్పాను. తనకు తెలుసన్నాడు. ఎప్పటినుంచి అన్నాను. ఆగస్టు పద్నాలుగు నుంచే అన్నాడు. షెడ్డులో బంపరు దగ్గర పైపు పెట్టి కడిగిన తడి చూశాడట.

ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాడు. నేనే చెబుతానని ఎదురు చూశాడట. నన్ను రెండు నెలలు అలా చూస్తూ కూర్చున్నాడు. అరిచాను. ఆగస్టులోనే ఎందుకు అడగలేదని అరిచాను. "అడిగితే జింక అనేదానివి" అన్నాడు.

అక్టోబర్ 9, బుధవారం

ఎలిస్ కార్లో దింపుతానన్నాడు. వద్దని నడిచి వెళ్లాను. అర మైలు. ఆ చోటు దాటేటప్పుడు తల తిప్పుకోలేదు, తిప్పుకోకపోయినా కనబడేదేమీ లేదు.

మైతే వంటింట్లో వెల్లుల్లి జడలు అల్లుతోంది. కూర్చోమంది. నిలబడే చెప్పాను. కళ్ల సంగతి, డాక్టరు సంగతి, బండి సంగతి. మైతే చేతులు ఆగలేదు. ఒక జడ పూర్తి చేసి ముడి వేసింది.

అప్పుడు అడిగింది. "వెంటనే పోయిందా?"

ఈ డైరీలో కూడా అబద్ధం రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో. బెల్ట్స్ వెంటనే పోలేదు. పది నిమిషాలు. ఎక్కువే కావచ్చు. నేను పక్కన కంకరలో కూర్చున్నాను. నా చెయ్యి నాకింది. నేను లేచి మైతే ఇంటికేసి పరిగెత్తలేదు. పరిగెత్తితే తెలిసిపోతుంది కాబట్టి కూర్చున్నాను. పోయేదాకా కూర్చున్నాను.

లేదు అని చెప్పాను. మిగతాది కూడా చెప్పాను.

మైతే వెల్లుల్లి పక్కన పెట్టింది. "అర మైలు, గ్లెన్నా. నా పేరు పెట్టి ఒక్క కేకేస్తే వినబడేది. పద్నాలుగేళ్లు అది నా మంచం కింద పడుకుంది. నన్నెందుకు పిలవలేదు?"

జవాబు ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత రూడీ గురించి మాట్లాడింది. గొంతు మారిపోయింది, ఆఫీసులో మాట్లాడినట్టు. "వాడి దగ్గరికి నువ్వు వెళ్లు. నేనూ వెళ్తా. కానీ నీతో కాదు. నా తప్పు నేను ఒప్పుకునేటప్పుడు నువ్వు నా పక్కన ఉండటం నాకిష్టం లేదు." తలుపు దాకా వచ్చింది. తలుపు వేసేసింది, నెమ్మదిగానే.

అక్టోబర్ 10

రూడీ గడ్డి యార్డులో ఉన్నాడు. లారీ ఖాళీగా ఉంది. ఈ వేళకు మామూలుగా రెండో లోడు కట్టేవాడు. నలభై అయిదేళ్లుంటాయి, పెద్ద శరీరం. ఎలిస్ కార్లోనే ఉండిపోయాడు, నేనే ఉండమన్నాను.

చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను, నిజంగా. తిడితే నేనూ ఏదో ఒకటి అనగలను. స్పీడు గురించి అనగలను.

లారీ బల్ల మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అందరూ అంటుంటే నేను లారీ కిందకి దూరి చూసుకున్నా. టార్చి వేసి. నాలుగు సార్లు. ఏం లేదు. అయినా సరే, లోడు మీద ఉన్నప్పుడు కుక్క తగిలితే తెలీదు కదా, నేనేనేమో అనుకున్నా. ఆఖరికి మా ఆవిడకి కూడా నేనే గుద్దానని చెప్పేశా. తప్పు ఒప్పుకుంటే నిద్రైనా పడుతుందని."

మైతేకు ఒక ఉత్తరం కూడా రాశాడట, క్షమించమని. ఇంకా పోస్టు చెయ్యలేదట. జేబులోంచి తీసి చూపించాడు. నాకు తెల్లగా ఏదో కనిపించింది.

నేను చెయ్యని పనికి నన్ను ఎవరైనా అంటే పళ్లు రాలగొడతాను. వాడు చెయ్యని పనికి క్షమాపణ రాశాడు. రెండు నెలలు. నా వల్ల.

ఏదో అనబోయాను. ఇప్పుడు ఇంటికెళ్లిపో అన్నాడు. మళ్లీ అదే అన్నాడు, ఈసారి గట్టిగా.

అక్టోబర్ 11

దాణా కొట్టుకు వెళ్లి కౌంటరు దగ్గర చెప్పాను. తర్వాత కెఫేలో. తర్వాత పోస్టాఫీసులో, వరసలో నిలబడ్డ నలుగురికీ. మైతే ఎక్కడెక్కడ చెప్పిందో అక్కడల్లా. చర్చికి ఆదివారం వెళ్లాలి. ఎలిస్ వెంట ఉన్నాడు.

దాణా కొట్టులో ఎవడో పెద్దవయసులో ఇలాంటివి మామూలే అన్నాడు. వయసు చేసింది కాదురా, నేను చేశాను అన్నాను.

అక్టోబర్ 12, శనివారం

కార్లిస్‌కు ఫోను చేశాను. సొట్ట గురించి చెప్పాను, ఎందుకు అమ్ముతున్నానో చెప్పాను. మోకాలి నొప్పి దగ్గర నుంచి అన్నీ. ఫోన్లో అవతల గాలి చప్పుడు, ఏదో కొండ మీద ఉంది.

ఆ గాలిలోంచి, "వచ్చే శనివారం రావచ్చా?" అంది.

అక్టోబర్ 15

లైసెన్సు ఇచ్చేశాను. దాని బదులు ఒక కార్డు ఇస్తారట, మనిషినని రుజువు. ఫోటోకు కెమెరా కేసి చూడమంది కౌంటర్లో అమ్మాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఇటు కాదు, అటు కాదు, కొంచెం కిందకి అని ఐదు సార్లు చెప్పింది. ఆరోసారి నోరు జారాను. ఫోటోలో నోరు తెరిచి ఉందని ఎలిస్ చెప్పాడు.

అక్టోబర్ 19, శనివారం

కార్లిస్ పొద్దున ఎనిమిదికే వచ్చింది. స్నేహితురాలు దింపి వెళ్లింది, అంటే బండితోనే తిరిగి వెళ్లాలని వచ్చింది.

నాలుగు గంటలు నేర్పాను. క్యాంపర్ దించడానికి జాకీలు ఏ వరసలో లేపాలో. పొయ్యిలో ఎడమ బర్నరు ముందు వెలిగించాలి, లేకపోతే కుడిది మండదు. మంచు పడ్డ రోజు పైకప్పు మూసే ముందు కాన్వాసు లోపలికి ఎలా తొయ్యాలో. రెండో గేరులోంచి మూడోదానికి తొందర పెట్టకూడదు, వదిలితే అదే వెళ్తుంది. ఆ పిల్ల అన్నీ పుస్తకంలో రాసుకుంది. ఒక చోట ఆపి, మీరు చెప్పే వరస బాగుంది అంది. వరస తప్పితే వేళ్లు పోతాయి అన్నాను.

కాగితాల మీద సంతకం చేసేటప్పుడు గీత కనబడలేదు. ఎలిస్ గీత కింద స్కేలు పెట్టాడు. స్కేలు దాటి పోయింది సంతకం. ఫరవాలేదు అన్నారు ఇద్దరూ. ఆ మాట విని ఇద్దరినీ ఆ స్కేలుతోనే కొట్టాలనిపించింది.

ఎక్కబోయే ముందు కార్లిస్ ఒక మాట అడిగింది. అల్వోర్డ్ మైదానం మీదుగా వెళ్తానంది. అక్కడ పది మైళ్ల మేర గుద్దడానికి ఏమీ ఉండదు, మీరు కూడా రండి, ఒక్కసారి మీరే నడపండి, నేను పక్కన కూర్చుంటా అంది. మనస్ఫూర్తిగానే అంది. నా చేతులు వెళ్లాయి. నిజం, చేతులు ముందే స్టీరింగు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

వద్దన్నాను. బెల్ట్స్ ఉన్న రోజు కూడా రోడ్డు మీద ఏమీ లేదనుకునే నడిపాను అన్నాను.

ఆ పిల్ల ఎక్కి తలుపు వేసుకుంది.

గేటు దాటి కంకర మీదికి ఎక్కింది. మైతే ఇంటి దగ్గర వేగం తగ్గించింది, వినబడింది. మూడో గేరు తొందరపడి వేసింది. అంత చెప్పాక కూడా.

అక్టోబర్ 22

షెడ్డు ఖాళీ. ఎలిస్ తన కారు అందులో పెట్టుకుంటానన్నాడు. వద్దన్నాను.

అక్టోబర్ 24

పెట్టుకోమన్నాను. తెల్లారి కారు అద్దం మీద మంచు గీకుతూ ఆయన దగ్గుతుంటే వినలేక.

మైతే ఇంతవరకు రాలేదు. చర్చిలో ఎదురైతే తల ఊపింది అని ఎలిస్ అంటాడు. నాకు తెలియదు.

అక్టోబర్ 29, మంగళవారం

రూడీకి లోడ్లు మళ్లీ మొదలయ్యాయి. ఎలా తెలుసంటే, నిన్నా ఈ రోజూ పొద్దున ఆరున్నరకు సరిగ్గా మా గేటు ముందుకు వచ్చి లారీ హారన్ కొట్టాడు. మామూలుగా కాదు. గేటు మొదలు నుంచి కంచె చివరి దాకా, చెయ్యి తియ్యకుండా. అద్దాలు అదిరాయి. ఎలిస్ మంచం మీంచి ఎగిరిపడ్డాడు.

వెళ్లి మాట్లాడతానన్నాడు ఎలిస్. ఇంత మర్యాదస్తుడు ప్యాంటు కూడా సరిగా తొడుక్కోకుండా బయల్దేరాడు. వద్దన్నాను. కొట్టనీ అన్నాను.

నవంబర్ 3

ఆరింటికే లేచి వాకిట్లో కుర్చీ వేసుకున్నాను. ఆరున్నర అయింది. ఏడయింది. హారన్ లేదు, రోడ్డు మీద లారీ చప్పుడు లేదు. రూడీకి ఒళ్లు బాగాలేదేమో, ఎవరైనా ఫోను చెయ్యండి అని కేకేశాను.

ఆదివారం అన్నాడు ఎలిస్, లోపలి నుంచి.